మగ్గాలు ఆపకుండా ఆడిన నాటకం

భవానీపురంలో మేముండే అపార్ట్‌మెంట్‌కి లిఫ్టు ఉంది. ఆ లిఫ్టు దాకా వెళ్ళడానికి నాలుగు మెట్లున్నాయి. రోజూ ఎక్కి దిగే ఆ మెట్ల గురించి నేనెన్నడూ ఆలోచించింది లేదు. మొన్నొక సాయంత్రం నవ్య అనే అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్ గారూ, కిందనే ఉన్నానండి. మీ లిఫ్టు నాకు కనపడుతూనే ఉంది, చెయ్యి కూడా ఊపాను. అది మాత్రం ఇటు రావట్లేదు. మీరన్నా దిగి రండి" అంది. దిగి వెళ్ళాను. మెట్ల ముందు చక్రాల కుర్చీలో కూర్చుని, ఆ నాలుగు మెట్లనూ పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళని చూసినట్టు తీరిగ్గా చూస్తోంది.

నవ్యా, చూపులేని ఆమె స్నేహితుడొకరూ, వినికిడి లేని మరో ఇద్దరూ కలిసి హాస్యనాటికలు వేస్తుంటారట. గన్నవరం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా కాలేజీల్లో, కళ్యాణమండపాల్లో ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తారట. ఈసారి బెజవాడలోనే ఒక హాల్లో వేస్తున్నారు, మొదట్లో నన్ను రెండు నిమిషాలు మాట్లాడమంది. రెండు మాటలు మాత్రం వాడకూడదని షరతు పెట్టింది. ఒకటి 'స్ఫూర్తి', రెండోది 'దివ్య'. రెండోదాని మీద నాకు ఎప్పటినుంచో కోపం. పని చెయ్యని కాలును ఒకప్పుడు పాపం అన్నారు. ఇప్పుడు దివ్యం అంటున్నారు. తిట్టును తిరగేసి దండలా మెడలో వేశారు, అంతే. రెండు పద్ధతుల్లోనూ కాలు కాలుగా మిగల్లేదు, కాలున్న మనిషి అసలే మిగల్లేదు. ఈ మాటే ఆవేశంగా చెప్పబోతే నవ్య నవ్వి, "బాగుందండి, కానీ అది మీ రెండు నిమిషాల్లోకి రాదు" అంటూ నమస్కారం పెట్టడానికి చేతి తొడుగులు తీసింది. చక్రాలు తోసీ తోసీ అరిగిన తొడుగులవి. ఎండకు కాగిన రబ్బరూ, దుమ్మూ, చెమటా కలిసిన వాసన ఒక్కసారి గుప్పుమంది. ఆ అమ్మాయి తర్వాత ఏం చెప్పిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నేనప్పటికే బందరు వెళ్ళే దారిలోని మా నేత ఊళ్ళో, మా ఇంటి వెనక షెడ్డులో ఉన్నాను.

ఆ వాసన మా రత్నం బాబాయిది. బాబాయి నాన్నకు తమ్ముడు. పసితనంలో వచ్చిన పోలియో రెండు కాళ్ళనూ సన్నగా, మెత్తగా వదిలేసి పోయింది. అరచేతులకు పాత టైరుతో కోయించిన చెప్పులు తొడుక్కుని, నేలమీద చేతుల ఊతంతో జరుగుతూ వెళ్ళేవాడు. ఎండ ముదిరాక వీధిలోంచి వస్తే, మనిషి కంటే ముందు కాగిన రబ్బరు వాసన వచ్చేది. గుడి దగ్గర ఎవరి చెప్పులైనా పోతే బాబాయి తన చేతులెత్తి చూపించి, "నావి ఎవడూ ఎత్తుకుపోలేడు, కావాలంటే నన్ను కూడా మోసుకుపోవాలి" అనేవాడు. ఊళ్ళో అందరూ అతని మాటలకు నవ్వేవారు. నవ్వడం అయిపోయాక మాత్రం గుర్తొచ్చినట్టు మొహాలు దించేసుకుని, "పాపం" అనేవారు. ఆ మాట వినపడకముందే బాబాయి అక్కణ్ణించి కదిలిపోయేవాడు.

మా ఇంట్లో తెల్లవారడం గంజి వాసనతో మొదలయ్యేది. పెద్ద డేగిసాలో బియ్యపు గంజి ఉడుకుతుంటే, ఆవిరి వంటింటి పెంకుల సందుల్లోంచి లేచి, వీధిలో పరిచిన పడుగు మీద మంచులా వాలేది. వీధి పొడుగునా గుంజలకు బిగించిన దారాల నడుమ నాన్న, నానమ్మ, చిట్టెమ్మత్త కుంచెలు పట్టుకుని గంజి పెడుతూ అటొకసారి ఇటొకసారి నడిచేవారు. పిల్లలం ఆ దారాల కిందనుంచి దూరి వెళ్ళేవాళ్ళం. కింద పడుకుని పైకి చూస్తే ఆకాశం సన్నటి గీతలుగా కనిపించేది. ఇప్పటికీ నిద్ర పట్టేముందు ఒక్కోసారి ఆ గీతల ఆకాశమే కనిపిస్తుంది.

షెడ్డులో ఐదు గుంట మగ్గాలుండేవి. నేలలో నడుములోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి కింద చెక్కలు తొక్కుతూ నేస్తారు. మగ్గం మీద కూర్చున్న మనిషికి ఇక కాళ్ళు కనపడవు. నడుము పైభాగం మాత్రమే నేలలోంచి మొలిచినట్టు ఉంటుంది. అందరూ ఒకే ఎత్తు, పొడుగూ పొట్టీ లేదు. కాళ్ళతో తొక్కే పని గనక బాబాయికి మగ్గం లేదు. గుంటల మధ్య నేలమీద రాట్నం పెట్టుకుని కండెలకు దారం చుట్టేవాడు. "ఈ ఇంట్లో కాళ్ళు బయటపెట్టుకు తిరిగేది నేనొక్కణ్ణే, మీరంతా దాచుకుంటారు" అనేవాడు.

మగ్గాలు మొదలైతే ఆ చప్పుడులో మాట వినపడేది కాదు. పడుగు మధ్యనుంచి దారం మోసే నాడె అటు కొట్టినప్పుడొక దెబ్బ, ఇటు కొట్టినప్పుడొక దెబ్బ, ఐదు మగ్గాలవీ కలిసి ఎడతెగని వానలా ఉండేది. అందుకే మా షెడ్డులో అందరూ చేతులతో మాట్లాడుకునేవారు. రెండు వేళ్ళు గుండ్రంగా తిప్పితే కండె అయిపోయిందని. బొటనవేలు నోటి దగ్గర వంచితే మంచినీళ్ళని. మనుషులకూ సైగలుండేవి. జపమాల తిప్పినట్టు వేళ్ళు కదిపితే నానమ్మ. చూపుడువేలు నిటారుగా ఎత్తితే నాన్న, ఎందుకంటే ఆయన వాదనలో ఉన్నంతసేపూ ఆ వేలు దిగేది కాదు. ఈ భాషలో అందరికంటే చురుకైంది చిట్టెమ్మత్త. నాన్నకు చెల్లెలు, బాబాయికి అక్క. పుట్టినప్పటినుంచీ ఆమెకు వినపడదు. షెడ్డులో ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, ఎందుకంటే అక్కడ ఎవరికీ వినపడదు. బాబాయి రాట్నం తిప్పుతూనే మొహంతో, వేళ్ళతో ఊళ్ళో జరిగినవన్నీ ఆడి చూపించేవాడు. బస్సులో సీటు కోసం తగాదా, మునసబుగారి తుమ్ము, పెళ్ళిలో అప్పడం విరిగిన వైనం. అత్త నవ్వుకి ఒక్కోసారి నాడె దారితప్పి నేలమీద పడేది.

ఆదివారం మగ్గాలు ఆగేవి. ఆ రోజు మా వసారాలో నాన్న చర్చా సమావేశం. నాన్న చదువుకున్నది తక్కువ, చదివింది ఎక్కువ. దేవుడున్నాడా, కులం ఎక్కణ్ణించి వచ్చింది, ఆడపిల్లకు ఆస్తి ఎందుకివ్వరు అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి గంటల తరబడి వాదించుకునేవారు. నేను ఇవాళ రాసే ప్రతి వాక్యానికీ ఆ వసారాలోనే అక్షరాభ్యాసం జరిగింది. అయితే వారమంతా చేతులతో మాట్లాడుకునే ఇల్లు ఆదివారం నాడు నోటితో మాట్లాడేది. చిట్టెమ్మత్త వసారా చివర స్తంభానికి ఆనుకుని, ఎవరి పెదవులు కదిలితే వాళ్ళ వైపు మొహం తిప్పుతూ కాసేపు కూర్చునేది. తర్వాత లేచి లోపలికెళ్ళి టీ పెట్టేది. మనుషులందరూ సమానమని అక్కడ గట్టిగా వాదించిన వాళ్ళలో ఒక్కరూ ఆమె లేచి వెళ్ళడం చూసినట్టు నాకు గుర్తులేదు.

కర్మ సిద్ధాంతం మీద నాన్న ఉపన్యాసం చుట్టుపక్కల పేరుపడింది. దానికి మా ఇంట్లోనే పూర్వపక్షం ఉండేది. బాబాయికి అన్నం కలిపి పెడుతూ నానమ్మ, "ఏ జన్మలో ఎవరి కాళ్ళు విరిచాడో నాయన" అని కళ్ళొత్తుకునేది. "ఆ కాళ్ళు విరిగినవాడు ఎక్కడున్నాడో కనుక్కో అమ్మా, వాడూ ఖాళీగానే ఉండుంటాడు, ఇద్దరం కలిసి నాటకం వేస్తాం" అనేవాడు బాబాయి. నాన్న మాత్రం దీన్ని నవ్వుతో వదిలేవాడు కాదు. ఎక్కడ సభ జరిగినా బాబాయిని ఇద్దరు మనుషుల చేత వేదిక మీదికి ఎత్తించి, పక్కన కూర్చోబెట్టి, వేలెత్తి, "వీడు నా తమ్ముడు. ఇది పాపఫలం కాదు, ఒక క్రిమి వల్ల వచ్చిన జబ్బు" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. చప్పట్ల మధ్యలో ఎవరో ఒకరు "పాపం" అనేవారు. వేదిక మీద బాబాయి ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. అతన్ని ఎవరూ అడిగేవారు కాదు కూడా.

ఒక ఏడు నాన్నావాళ్ళ వార్షిక సభ మా ఊళ్ళోనే పెట్టారు. బెజవాడ నుంచి ఒక లెక్చరరుగారు అధ్యక్షుడిగా వస్తున్నారు. మా వీధి మొగలో డ్రమ్ముల మీద బల్లలు పరిచి, ఎత్తుగా వేదిక కట్టారు. ముందురోజు తెల్లవారుజామున గంజి పెడుతూ నాన్న బాబాయికి చెప్పాడు, ఉతికిన పంచె కట్టుకుని సిద్ధంగా ఉండమని, ఫలానా ఇద్దరు వచ్చి ఎత్తుతారని. బాబాయి తెగిన దారాలు ముడేస్తూ పడుగు కింద కూర్చుని ఉన్నాడు. రానన్నాడు. నాన్న అర్థంకానట్టు కుంచె ఆపాడు.

"అమ్మ దగ్గర నేను పాపానికి రుజువు, నీ దగ్గర జబ్బుకి రుజువు" అన్నాడు బాబాయి. "కోర్టులో కత్తీ కర్రా చూపించినట్టు చూపిస్తావు అన్నయ్యా. ఆ కర్ర మాట్లాడితే బాగుండని నీకెప్పుడన్నా అనిపించిందా?"

నాన్నకు కోపం వచ్చింది. ఇది మన ఇంటి గొడవ కాదని, వేలమంది తలల్లోంచి మూఢత్వాన్ని పెరికే పని అని, అందులో నీ వంతు నువ్వు చెయ్యాలని చాలాసేపు చెప్పాడు. బాబాయి అంతా విని, తన వంతు తను చేస్తానని, కాకపోతే తన పద్ధతిలోనని బేరం పెట్టాడు. వేదిక ఎక్కడు. సభకు ముందు జనమే షెడ్డులోకి రావాలి. అచ్చు విరిగి, కొత్తది వచ్చేదాకా ఖాళీగా ఉన్న ఐదో మగ్గం గుంటలో తను కూర్చుని ఒక నాటకం ఆడతాడు. ఆ కాసేపూ మిగతా నాలుగు మగ్గాలూ ఆడుతూనే ఉండాలి.

"మగ్గాలాడుతుంటే నీ మాట ఎవడికి వినపడుద్దిరా?" అన్నాడు నాన్న.

"చిట్టక్కకి నీ ఉపన్యాసం ఎంత వినపడుద్దో అంత."

పడుగు అవతల చిట్టెమ్మత్త వంగి గంజి పెడుతూనే ఉంది. నాన్న ఆమె వైపు చూసి, కుంచెను గంజిలో రెండుసార్లు ముంచి, ఐదో గుంట ఊడిపించి పెడతానన్నాడు.

ఆ మర్నాటి షెడ్డు నాకు ఎప్పుడు గుర్తొచ్చినా కలలోలాగే వస్తుంది. పెంకుల కంతల్లోంచి ఎండ కర్రల్లా దిగుతోంది. అందులో నూలు పొట్టు తేలుతోంది. జనం గోడల వెంబడి, గుంటల మధ్య, నేలమీద చాపల మీద కూర్చున్నారు. నాలుగు మగ్గాల మీద నాన్న, అత్త, పక్కింటి అన్నదమ్ములిద్దరు. బాబాయి చేతి చెప్పులు విడిచి గట్టున పెట్టి, రెండు చేతులమీద బరువు మోపి మెల్లగా ఐదో గుంటలోకి దిగాడు. ఇప్పుడు ఐదు గుంటల్లో ఐదుగురు, నడుము పైభాగాలు మాత్రమే. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి చూస్తే ఎవరి కాళ్ళు నడుస్తాయో ఎవరివి నడవవో చెప్పలేడు. నాన్న తలూపాడు. మగ్గాలు మొదలయ్యాయి. ఆ చప్పుళ్ళ వాన అందుకుంది.

బాబాయి ఒక ఎర్రదారం కండె తీసి ముందు పెట్టుకున్నాడు. దానికి చేతిమాటలో 'కాలు' అని పేరు పెట్టాడు. ఎడమచెయ్యి జపమాల తిప్పుతూ వచ్చి, ఈ కాలు నాది, పోయిన జన్మలోది అని లాక్కుంది. కుడిచెయ్యి వేలెత్తి వచ్చి, కాదు, ఇది జబ్బుది, నాకు కావాలి అని గుంజుకుంది. రెండు చేతుల మధ్య బాబాయి మొహం అటూ ఇటూ తిరుగుతూ, బొటనవేలు వంచడానికి ఒక చెయ్యన్నా ఖాళీ లేక, నాలుక చాచి దాహం అంటోంది. ఎవరూ చూడరు. చేతులు తగాదా పడీ పడీ ఎర్రదారంలో చుట్టుకుపోయాయి. అప్పుడు బాబాయే మూడోమనిషి అయ్యాడు, లేని కళ్ళజోడు తుడుచుకుంటూ. అధ్యక్షులవారు. కండెను పైకెత్తి, చిక్కు దారంతో దండ వేసి, దానికే నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. కాలుకి సన్మానం జరిగింది. కాలు గలవాడికి మాత్రం ఇంకా మంచినీళ్ళు రాలేదు.

అందరికంటే ముందు నవ్వింది చిట్టెమ్మత్త. తన నవ్వు తనకు వినపడదు గనక దానికి అదుపు ఉండేది కాదు, మగ్గాల చప్పుడును మించి వచ్చింది. ఆ తర్వాత మా వీధివాళ్ళు నవ్వారు, జపమాల పైటకొంగులో దాచుకుని నానమ్మ నవ్వింది. పొరుగూళ్ళనుంచి వచ్చినవాళ్ళు, చేతిమాట రానివాళ్ళు, ఏమిటి ఏమిటని ఒకరినొకరు అడుగుతున్నారు. వాళ్ళ పెదవులు కదలడం కనపడుతోంది, మాట వినపడటం లేదు. లెక్చరరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చుట్టూ చూశారు. దాంతో నవ్వు రెట్టింపయింది. ఆయన చివరికి, బాగా నవ్వుతున్న మనిషికి బాగా అర్థమై ఉంటుందనుకున్నారో ఏమో, అత్త మగ్గం పక్కకు జరిగి ఏం జరుగుతోందని అడిగారు. అత్త ఆయన పెదవులు చూసి, తన మగ్గం ఆపి, ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచుతూ ఓపిగ్గా చెప్పింది. చివరి వేలు వంచేసరికి ఆయనా నవ్వారు. అప్పుడు అత్త తన పక్కనున్న మంచినీళ్ళ చెంబు తీసి గుంట మీదుగా బాబాయికి అందించింది. అది నాటకంలో లేదు. బాబాయి గటగటా తాగేశాడు.

నాన్న నవ్వాడో లేదో నేను చూడలేదు. మగ్గం మీద దారం తెగి, వంగి ముడేసుకుంటున్నాడు. సాయంత్రం సభలో మాత్రం కర్మ దగ్గరకు వచ్చేసరికి అలవాటుగా వేలెత్తాడు. షెడ్డులో నాటకం చూసినవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాన్న తన వేలిని ఒక క్షణం చూసి, ఆ చేతిని లాల్చీ జేబులో పెట్టుకుని మిగతా ఉపన్యాసమంతా అలాగే పూర్తి చేశాడు. బాబాయిని వేదిక మీదికి పిలవలేదు. ఆ రోజే కాదు, మరెప్పుడూ పిలవలేదు. బాబాయి కింద జనంలో అత్త ఎదురుగా కూర్చుని, నాన్న మాటల్ని చేతులతో ఆమెకు చెబుతున్నాడు. మధ్యమధ్య సొంత మాటలు కలుపుతున్నాడని అత్త మొహం చూస్తే తెలుస్తోంది.

తర్వాతి ఆదివారం నుంచి మా వసారాలో చర్చలు నెమ్మదించాయి. ఒకరు మాట్లాడాక, బాబాయి చేతులు ఆగేదాకా రెండోవారు మొదలుపెట్టకూడదు. వేగంగా వాదించేవాళ్ళకు ఇది ఇబ్బందిగా ఉండేది. చిట్టెమ్మత్త మొదటిసారి చెయ్యెత్తి ప్రశ్న అడిగినప్పుడు, చర్చ స్త్రీ పురుష సమానత్వం మీద నడుస్తోంది. బాబాయి ఆమె ప్రశ్నను గొంతు మార్చకుండా పైకి చెప్పాడు: "మీరందరూ ఇట్టా వాదించుకుంటుంటే, లోపల టీ ఎవరు పెడుతున్నట్టు?" ఆ ప్రశ్నకు మా నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళడం ఒక్కటే సమాధానంగా దొరికింది. ఆయన పెట్టిన టీ ఎవరూ తాగలేకపోయారు గాని, ఆదివారాలు గడిచేకొద్దీ బాగుపడింది. బాబాయీ అత్తా కలిసి ఆ తర్వాత నేత ఊళ్ళ షెడ్లలో చాలా నాటకాలు ఆడారు. ఎక్కడికి వెళ్ళినా ఒక ఖాళీ గుంటా, ఆడే మగ్గాలూ ఉంటే చాలు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. గుంటలు పూడ్చి, సిమెంటు చేసి, అద్దెకిచ్చారు. బాబాయి, అత్త, నాన్న ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఎవరైనా అడిగితే, చట్టాలు వచ్చాయని చెప్పాలి. ఆఫీసుల ముందు ర్యాంపులు కట్టారు, వాటి మీద మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. బ్యాంకులో తలుపు దాకా ర్యాంపు, తలుపు లోపల మెట్టు. 'పాపం' అనే మాట సభ్యత నేర్చుకుని మైకు ముందు బిరుదులిస్తోంది. ఇది చూస్తే నాకు నాన్నలాగే వేలు లేస్తుంది. కానీ మారిందొకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అప్పుడు బాబాయి తన ఇంట్లో తన వాళ్ళతో బేరమాడి ఒక గుంట సంపాదించుకున్నాడు. నవ్య ఏ అన్నయ్యనీ అడగలేదు. తన బృందం తనే కట్టుకుంది, నన్ను పిలిచింది, నేనేం మాట్లాడకూడదో కూడా తనే చెప్పింది.

నాటకం రోజు హాలుకు వెళితే గుమ్మం దగ్గర చెక్క ర్యాంపు ఉంది. వేదికకు మాత్రం మెట్లే ఉన్నాయి. హాలువాళ్ళు అలవాటు కొద్దీ వేదిక మీద పూలకుండీ, నాకోసం ఒక పెద్ద కుర్చీ వేసి ఉంచారు. నవ్య బృందం కిందనే, నేలమీద గీసిన గుండ్రటి గీత లోపల సర్దుకుంటున్నారు. జనం చుట్టూ చాపల మీద, కుర్చీల్లో. నా కుర్చీని కిందకి దింపమన్నాను. మోకాళ్ళు చాప దాకా వంగనివ్వవు. రెండు నిమిషాల కోసం రాసుకున్న ఆవేశమంతా సంచిలోనే ఉంచి, మా షెడ్డు గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. వెనక ఎత్తైన వేదిక మీద పూలకుండీ ఒక్కటే మిగిలింది.

నవ్య మొదలుపెట్టింది. వైకల్యం సర్టిఫికెట్టు కోసం డాక్టరు పరీక్ష చేసి కాళ్ళకి తొంభై శాతం వేశారట, పదో తరగతిలో తనకి ఏ మాష్టారూ వెయ్యని మార్కులట అవి. అయితే ఆ మాట నేను ముందు చెవితో వినలేదు. వాళ్ళ పద్ధతి అది. ప్రతి హాస్యాన్నీ వినికిడి లేని నటులిద్దరూ ముందు చేతులతో చెబుతారు. తర్వాతే నవ్య నోటితో అంటుంది. ముందు వరుసల్లో కూర్చున్న వినపడనివాళ్ళు పకపకా నవ్వేశారు. హాలు మిగతా సగం వాళ్ళ వైపు చూస్తూ, నవ్వు ఇంకా అందక, మెడలు చాచి ఎదురుచూస్తోంది. నా పక్కనున్న పెద్దాయన ఖద్దరు చొక్కా సర్దుకుంటూ నావైపు వంగి, "ఏమన్నారండీ?" అని అడిగారు.

నాకు తెలియకుండానే చూపుడువేలు లేచింది. దాన్ని ఆయన పెదవుల ఎదుట కాసేపు నిలిపి, "ఆగండి, మనకీ వస్తుంది" అన్నాను.